తీగ మోగుతుండగానే తాళం: గిటార్‌ను డోలుగా మార్చే భౌతికశాస్త్రం

కళ్లు మూసుకుని వింటే ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఒకరు బేస్ పట్టుకున్నారు, ఒకరు పైస్థాయిలో పాట నడిపిస్తున్నారు, ఇంకొకరు డ్రమ్స్ మీద తాళం వేస్తున్నారు. కళ్లు తెరిస్తే వేదిక మీద ఒక్క మనిషి, ఒక్క అకూస్టిక్ గిటార్. వెనక రికార్డు చేసిన ట్రాక్ ఏదీ లేదు. అరచేతి మడమతో గిటార్ ముఖాన్ని తడితే ‘ధమ్’ అంటుంది. వేళ్లతో పక్క చెక్క మీద కొడితే ‘టక్’ అంటుంది. ఆ రెండింటి మధ్యా తీగలు మోగుతూనే ఉన్నాయి.

ఈ పద్ధతిని పర్కసివ్ ఫింగర్‌స్టైల్ అంటారు. మన దేశంలో దీనికి పేరు తెచ్చినవారిలో ఢిల్లీ కళాకారుడు ధ్రువ్ విశ్వనాథ్ ముందుంటారు. అమెరికా నుంచి వెలువడే ‘అకూస్టిక్ గిటార్’ పత్రిక 2014లో ఎంపిక చేసిన, ముప్పై ఏళ్లలోపు వయసున్న ముప్పై మంది గొప్ప గిటారిస్టుల జాబితాలో ఆయన పేరు ఉంది. 2015లో ‘ఓరియన్’, 2018లో ‘ద లాస్ట్ కాజ్’ ఆల్బమ్‌లు వచ్చాయి. ఆయన పాటగాడు కూడా కావడంతో గిటార్, తాళం, గొంతు మూడూ ఒక్కరివే అవుతాయి.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో డ్రమ్ సెట్‌కు చోటు దొరకడం కష్టం. దొరికినా ఇరుగుపొరుగు ఊరుకోరు. ఒక్క గిటార్‌తో బృందమంత సంగీతం వస్తుందంటే కుర్రకారుకు ఆశ పుట్టడం సహజమే. కానీ వేదిక మీద ఒకరిని చూసి ఇంట్లో ప్రయత్నించగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఉన్నవి రెండు చేతులే. బేస్, పాట, తాళం కలిపి మూడు పనులు. ఇది ఎలా కుదురుతుంది?

చేతుల వేగం అనేది సగం జవాబే. మిగతా సగం గిటార్ చెక్కలోనూ తీగలోనూ ఉంది.

ఒకే వాద్యంలో రెండు కాలాలు

నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటను తీసుకుందాం. ఒక్కో దెబ్బకు అర సెకను. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి 0.125 సెకను. తాళంలోని చిన్న చిన్న నడకలన్నీ ఈ వ్యవధిలోనే పడాలి.

ఇప్పుడు గిటార్‌లోని లావు తీగను ఒకసారి మీటి వదిలేయండి. ఆ మోత కొన్ని సెకన్ల పాటు వినిపిస్తుంది. ఉక్కు తీగకు లోపలి ఘర్షణ తక్కువ. అది తన శక్తిని బ్రిడ్జి ద్వారా చెక్కకు కొంచెం కొంచెంగానే అందిస్తుంది. అందుకే చాలాసేపు మోగుతుంది.

తీగలను చేత్తో ఆపి పట్టుకుని, గిటార్ ముఖం మీద అరచేతి మడమతో తట్టండి. ఈసారి వచ్చే ‘ధమ్’ వెంటనే అణిగిపోతుంది. పలచని చెక్క పలక పెద్ద వైశాల్యంతో గాలిని నెడుతుంది కాబట్టి శక్తిని త్వరగా ధ్వనిగా వెదజల్లుతుంది. చెక్క నారల్లోనూ కొంత శక్తి వేడిగా మారిపోతుంది. ఆ కంపనం చాలావరకు పదో వంతు సెకనులోనే పడిపోతుంది. అంటే పైన చెప్పిన 0.125 సెకను గడిలో ఆ దెబ్బ దాదాపు పూర్తిగా ఇమిడిపోతుంది. తర్వాతి దెబ్బకు చోటు ఖాళీగా ఉంటుంది.

ఈ కళకు ఆధారం ఈ తేడాయే. తీగది సెకన్ల లెక్క, చెక్కది సెకనులో పదో వంతు లెక్క. కళాకారుడు మూడు పనులూ ఒకే క్షణంలో చేయడు. బేస్ తీగను మీటి వదిలేస్తాడు. అది తనంతట తాను మోగుతుంటుంది. ఆ వ్యవధిలో చేయి చెక్క మీదికి వెళ్లి తాళం వేసి, స్వరం సన్నబడేలోపు మళ్లీ తీగ దగ్గరికి వస్తుంది. చేయి వెళ్లిపోయినా స్వరం ఆగలేదు కాబట్టి శ్రోత చెవికి బేస్, తాళం ఏకకాలంలో జరిగినట్టే అనిపిస్తుంది.

ఒకే మనిషి శ్రుతి, తాళం, మాట మూడూ మోయడం తెలుగువారికి కొత్త కాదు. బుర్రకథలో ప్రధాన కథకుడి భుజాన తంబుర, చేతిలో అందెలు, నోట కథ. తంబుర తీగ మోగుతుండగా అందెలు తాళం వేస్తాయి. అక్కడా పని పంచుకునేది ఇదే సూత్రం.

చెక్క పెట్టెలో ఘటం

గిటార్ పెట్టెను ఎక్కడ కొట్టినా ఒకే మోత రాదు. అందులో కనీసం రెండు ముఖ్యమైన కంపనాలు దాగి ఉన్నాయి.

మొదటిది లోపలి గాలిది. పెట్టెలోని గాలి స్ప్రింగులా, గుండ్రటి రంధ్రం దగ్గరున్న గాలి ఆ స్ప్రింగుకు తగిలించిన బరువులా పనిచేస్తాయి. రెండూ కలిసి ముందుకు వెనక్కు ఊగుతాయి. భౌతికశాస్త్రంలో దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం అంటారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత ఇదే. కచేరీలో ఘటం మూతిని విద్వాంసుడు పొట్టకు ఆనించి, దూరం జరిపి మోతను మార్చేదీ దీని ఆధారంగానే. మామూలు అకూస్టిక్ గిటార్‌లో ఈ గాలి అనునాదం 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. రెండోది ముఖపు చెక్కది. పలక మొత్తం ఒక్కటిగా పైకీ కిందికీ కదిలే ఈ కంపనం 200 హెర్ట్జ్ దగ్గర్లో ఉంటుంది.

రంధ్రం దగ్గర, పలక బాగా కదలగల చోట మెత్తటి అరచేతి మడమతో కొడితే ఈ రెండూ మేల్కొంటాయి. అదే ‘కిక్ డ్రమ్’. పెట్టె పక్క చెక్క మీద, నడుము వంపు దగ్గర వేళ్లతో కొడితే అక్కడి చిన్న, బిగువైన భాగం ఎక్కువ పౌనఃపున్యంతో కంపించి బోంగోలా పలుకుతుంది. తీగలను బొటనవేలి పక్కతో ఫ్రెట్ల మీదికి చరిస్తే లోహం లోహాన్ని తాకి ‘ఛక్’ అనే స్నేర్ మోత వస్తుంది. గోళ్లతో చెక్కను గీరితే బ్రష్ శబ్దం.

ఎక్కడ కొట్టామన్నదే కాదు, దేనితో కొట్టామన్నదీ ముఖ్యమే. మెత్తటి అరచేయి చెక్కను ఎక్కువసేపు తాకి ఉంటుంది. తాకిన వ్యవధి పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు పుట్టే అవకాశం తగ్గి, కింది మోత మిగులుతుంది. గోరు క్షణకాలం తాకి వచ్చేస్తుంది కాబట్టి పదునైన శబ్దం ఇస్తుంది. కొట్టిన చేతిని అక్కడే ఉంచితే మోత మూసుకుపోతుంది, వెంటనే తీస్తే తెరుచుకుంటుంది. మృదంగం, తబలా నేర్చేవారికి మొదటి పాఠాల్లోనే తెలిసే విషయమిది.

రామన్ చూసిన డోలు, గిటార్ డోలు

మృదంగం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక తేడా చూడాలి. సాధారణ గుండ్రటి చర్మపు డోలు కొడితే వచ్చే కంపనాల నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30, 2.65 ఇలా ఉంటాయి. పూర్ణసంఖ్యలు కావు. అందుకే అలాంటి డోలులో స్పష్టమైన స్వరం వినబడదు. తబలా, మృదంగం మాత్రం స్వరం పలుకుతాయి. ఎందుకు?

బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పట్టుకున్నారు. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో రాశారు. 1934లో భారతీయ సంగీత డోళ్ల మీద మరింత వివరమైన పత్రం ప్రచురించారు. చర్మం మధ్యలో పెట్టే నల్లటి ముద్ద బరువు వల్ల కంపన రీతులు సర్దుకుని, దాదాపు 1, 2, 3, 4, 5 నిష్పత్తుల్లోకి వస్తాయని ఆయన చూపించారు. తొమ్మిది కంపన రీతులు ఐదు హార్మోనిక్స్‌లో ఇమిడిపోతాయి. తీగకు సహజంగా ఉండే క్రమం చర్మానికి ఆ ముద్ద వల్ల వచ్చింది. కంపించని గీతలు ఎక్కడ ఏర్పడతాయో చూడటానికి రామన్ డోలు మీద సన్నటి ఇసుక చల్లి వాయించి పరిశీలించారు.

గిటార్ పెట్టెకు అలాంటి ముద్ద లేదు. దాని కంపనాలు క్రమం లేనివి, పైగా త్వరగా చచ్చిపోతాయి. డోలుగా చూస్తే ఇది లోపం. ఈ శైలికి మాత్రం అదే వరం. తబలాను ప్రతి కచేరీకి ముందు సుత్తితో తట్టి శ్రుతి చేసుకోవాలి. లేకపోతే పాటతో గొడవ పడుతుంది. గిటార్ చెక్క దెబ్బకు గట్టి స్వరం లేదు కాబట్టి తీగల మీద ఏ కార్డ్ మోగుతున్నా అది పెద్దగా అడ్డుపడదు. ఒకే ‘ధమ్’ పాట పొడవునా చెల్లుతుంది.

ఎడమ చేతికి విడుదల

మామూలు వాయిద్యంలో ఎడమ చేయి తీగలను నొక్కిపట్టి ఉంచుతుంది. ఆ చేయి బందీగా ఉంటే తాళం భారమంతా కుడిచేతి మీదే పడుతుంది. దీనికి కళాకారులు కనుగొన్న ఉపాయం శ్రుతి మార్చడం.

సాధారణ శ్రుతిలో గిటార్ తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, ఇ. చాలామంది దీన్ని డి, ఎ, డి, జి, ఎ, డి గా మారుస్తారు. అప్పుడు ఏమీ నొక్కకుండా అన్ని తీగలూ మీటినా కలిసిమెలిసి పలుకుతాయి. ఎడమ చేయి తీగలను వదిలి పెట్టె పక్కన తాళం వేసి రావచ్చు. పాట ఆగదు.

దీనికి చెల్లించాల్సిన ధర కూడా ఉంది. తీగ పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. లావు తీగను 82.4 హెర్ట్జ్ నుంచి 73.4 హెర్ట్జ్‌కు దించితే తన్యత సుమారు 20 శాతం తగ్గుతుంది. వదులైన తీగను గట్టిగా చరిస్తే ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. అందుకే ఈ శైలిలో వాయించేవారిలో చాలామంది కాస్త లావు తీగలు ఎంచుకుంటారు.

మరో ఉపాయం ట్యాపింగ్. కుడిచేత్తో మీటకుండా, వేలితో తీగను ఫ్రెట్ మీదికి సుత్తిలా కొడితే స్వరం పలుకుతుంది. ఒక్కో చేయి ఒక్కో స్వరమాల నడపగలదు. ఇంకొకటి హార్మోనిక్. తీగ సరిగ్గా సగం దగ్గర, అంటే 12వ ఫ్రెట్ మీద, వేలితో తాకీ తాకనట్టు చరిస్తే మధ్యలో కంపించాల్సిన రీతులు ఆగిపోయి, రెండింతల పౌనఃపున్యం ఉన్న స్వరం గంటలా వినిపిస్తుంది. మూడో వంతు దగ్గర, అంటే 7వ ఫ్రెట్ మీద, తాకితే మూడింతలు. నాలుగో వంతు దగ్గర, అంటే 5వ ఫ్రెట్ మీద, తాకితే నాలుగింతలు. ఒకే చరుపులో తాళం, స్వరం రెండూ వచ్చేస్తాయి.

కొత్త పేరు, పాత అలవాటు

గిటార్‌ను కొట్టి వాయించడం నిన్న మొన్నటిది కాదు. స్పెయిన్ ఫ్లమెంకో కళాకారులు ఉంగరపు వేలితో చెక్క మీద వేసే దెబ్బను గోల్పే అంటారు. చెక్క అరగకుండా అక్కడ పలచని రక్షణ పలకను అతికిస్తారు. 1852 నుంచి 1909 వరకు జీవించిన ఫ్రాన్సిస్కో తారెగా తన ‘గ్రాన్ హోతా’లో రెండు తీగలను ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి స్నేర్ డ్రమ్ మోతను పుట్టించారు.

ఉక్కు తీగల గిటార్‌లో పెద్ద మలుపు అమెరికన్ కళాకారుడు మైఖేల్ హెడ్జెస్‌తో వచ్చింది. 1984 నాటి ఆయన ఆల్బమ్ ‘ఏరియల్ బౌండరీస్’ విన్న చాలామంది అది ఒక్క గిటార్ అంటే నమ్మలేకపోయారు. 1997లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించారు. ప్రెస్టన్ రీడ్ గిటార్ పెట్టెను పూర్తిస్థాయి డ్రమ్ సెట్‌లా వాడే పద్ధతిని పెంచారు. 2006లో ఆండీ మెక్‌కీ ‘డ్రిఫ్టింగ్’ వీడియో యూట్యూబ్‌లో వ్యాపించడంతో ఈ శైలి ప్రపంచమంతా తెలిసింది. చెవితో విని నేర్చుకోవడం కష్టమైన విద్య ఇది. ఏ మోత ఏ వేలిదో వీడియోలో కంటికి కనిపించింది. ఢిల్లీ కుర్రాడికైనా, విజయవాడ కుర్రాడికైనా గురువు తెరమీదికి వచ్చినట్టయింది.

వేదిక మీద తంటా

ట్యాపింగ్ స్వరాలు చిన్నవి. వందమంది కూర్చున్న గదిలో అవి వినిపించాలంటే విద్యుత్ సాయం కావాలి. గిటార్ లోపల పెట్టే అయస్కాంత పికప్ ఉక్కు తీగ కదలికనే పట్టుకుంటుంది. చెక్క దెబ్బ దానికి దాదాపు వినబడదు. అది వాడితే డోలు మాయమవుతుంది. పిజో పికప్ వేరు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్ పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఆ గుణమున్న చిన్న బిళ్లను చెక్కకు అతికిస్తే అది చెక్క కంపనాన్నే విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. చాలామంది రెండు రకాలూ కలిపి, తీగకు ఒకటి, పెట్టెకు ఒకటి వాడతారు.

ఇక్కడో చిక్కుంది. స్పీకర్ల నుంచి వచ్చిన ధ్వని మళ్లీ గిటార్ చెక్కను కదిలిస్తుంది. ఆ కదలికను పికప్ మళ్లీ స్పీకర్‌కు పంపుతుంది. ఇలా చక్రం తిరిగి చెవులు హోరెత్తే ‘ఊ’ మోత పుడుతుంది. అది ఎక్కువగా మొదలయ్యేది పెట్టె తేలిగ్గా కంపించే 100, 200 హెర్ట్జ్ ప్రాంతాల్లో. అంటే కిక్ డ్రమ్ మోత ఎక్కడుందో ప్రమాదమూ అక్కడే ఉంది. రంధ్రానికి రబ్బరు మూత పెడితే గాలి అనునాదం అణిగి ఫీడ్‌బ్యాక్ తగ్గుతుంది. డోలు లోతు కూడా కొంత తగ్గుతుంది. ఎంత వదులుకోవాలన్నది ప్రతి వేదిక దగ్గరా కొత్తగా తేల్చుకోవాల్సిందే.

పలచన అయితేనే పలుకుతుంది, పగులుతుంది

అకూస్టిక్ గిటార్ ముఖపు చెక్క మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. ఆరు ఉక్కు తీగలూ కలిసి దాన్ని 70 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగుతుంటాయి. లోపల అతికించిన సన్నటి కర్ర పట్టీలు దాన్ని నిలబెడతాయి. ఈ పట్టీలను ఎక్స్ ఆకారంలో అమర్చే పద్ధతి 1840ల్లో అమెరికాలోని మార్టిన్ గిటార్లతో స్థిరపడింది. చెక్కను మందం చేస్తే దెబ్బకు తట్టుకుంటుంది, కానీ మోత తగ్గుతుంది. పలచన చేస్తే బాగా పలుకుతుంది, కానీ పట్టీ ఆధారం లేని చోట గట్టి దెబ్బ తగిలితే బీట పడవచ్చు.

ఢిల్లీ వాతావరణం ఈ ఇబ్బందిని పెంచుతుంది. గిటార్లకు 45 నుంచి 55 శాతం గాలి తేమ అనుకూలం. ఢిల్లీలో మే నెల మధ్యాహ్నాల్లో అది 30 శాతానికి దిగువకు పడిపోతుంది. జులై, ఆగస్టుల్లో 80 శాతం దాటే రోజులుంటాయి. చెక్క తేమ కోల్పోతే నారకు అడ్డంగా కుదించుకుపోతుంది. కింద అతికిన పట్టీలు ఆ కుదింపును ఆపుతాయి. ఆ లాగులాటలో చెక్క చీలుతుంది. అలా ఎండి బిగిసిన చెక్క మీద కొట్టే తాళమే చివరి దెబ్బ కావచ్చు. తేమ ఎక్కువైతే పలక ఉబ్బి, బరువెక్కి, మోత మొద్దుబారుతుంది. డప్పు కళాకారులు వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచుకునేది ఇలాంటి తేమను వదిలించడానికే. చర్మానికి ఆ వైద్యం పనికొస్తుంది, గిటార్‌కు పనికిరాదు. దాన్ని పెట్టెలో ఉంచి, ఎండాకాలం తేమనిచ్చే స్పాంజి, వానాకాలం సిలికా జెల్ పెట్టడం, చిన్న హైగ్రోమీటర్‌తో గమనించడమే మార్గం. ఉన్నది ఒక్క గిటారే అయిన విద్యార్థికి ఈ జాగ్రత్త చిన్నది కాదు.

చేతికీ ఇదే సూత్రం. దెబ్బ బలాన్ని రెండింతలు చేస్తే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆంప్లిఫయర్ మీటను కొంచెం తిప్పినా అంతే పెరుగుతుంది. చెక్కకు, మణికట్టుకు ఏ నష్టమూ ఉండదు. అందుకే అనుభవజ్ఞుల దెబ్బలు చూడటానికి పెద్దవిగా ఉన్నా, నిజానికి తేలికగా ఉంటాయి.

ఇంట్లో చేసి చూడండి

ఇంట్లో గిటార్ ఉంటే దీన్ని పరీక్షించవచ్చు. ఫోన్‌లో ధ్వని పౌనఃపున్యాలను చూపే ఉచిత యాప్ ఒకటి తెరవండి. తీగలను ఒక చేత్తో మూసి, గిటార్ ముఖాన్ని మెత్తగా తట్టండి. 100, 200 హెర్ట్జ్ దగ్గర్లో శిఖరాలు లేచి వెంటనే పడిపోతాయి. ఇప్పుడు రంధ్రాన్ని అట్టముక్కతో మూసి మళ్లీ తట్టండి. కింది శిఖరం తగ్గిపోతుంది. గాలి స్ప్రింగును మీరు ఆపేశారు.

చివరగా లావు తీగను మీటి, అది వినిపించకుండా పోయేలోపు చెక్క మీద ఎన్ని దెబ్బలు వేయగలరో లెక్కపెట్టండి. మొదటి రోజు నాలుగో ఐదో పడతాయి, అవీ లయ తప్పి. సాధన పెరిగినా తీగ మోగే కాలం పెరగదు. అదే కాలంలో పట్టే తాళం పెరుగుతుంది.